గులాబీ బొమ్మను తీసేస్తే గ్రూపు బాగుపడదు

"ఈ గ్రూపులో ఇకపై గుడ్ మార్నింగ్ ఫోటోలు, పండగ శుభాకాంక్షలు, దేవుడి బొమ్మలు, స్టిక్కర్లు పెట్టరాదు. పెట్టినవారిని హెచ్చరిక లేకుండా తొలగించబడును. ఇది అఫీషియల్ గ్రూపు." కాస్త అటూ ఇటూగా ఈ మాటలే విశాఖపట్నంలో పనిచేసే చాలామంది వాట్సాప్‌లో ఇప్పుడు కనిపిస్తున్నాయి. గాజువాక ఆటోనగర్ యూనిట్లలో, పోర్టులో సరుకు ఎత్తీ దించే ఏజెన్సీల్లో, ఉక్కు కర్మాగారం చుట్టూ ఉన్న కాంట్రాక్టర్ల దగ్గర, రుషికొండ మీది సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇదే రూలు. ఆఫీసుల్లో వాడే టీమ్స్ లాంటి యాప్‌లలో అయితే నోటీసు కూడా అక్కర్లేదు. కదిలే బొమ్మలను, స్టిక్కర్లను అడ్మిన్ సెట్టింగ్ మార్చి కంపెనీ మొత్తానికీ ఆపేయవచ్చు.

చదువుకున్నవాళ్లలో ఎక్కువమంది దీన్ని మంచి పనే అంటున్నారు. పనిచోట పని మాటే ఉండాలట. పువ్వులూ దీపాలూ ఇంటి గ్రూపులో పెట్టుకోవాలట. బొమ్మల కింద అసలు మెసేజ్ కప్పబడిపోతోందని, ఫోన్ నిండిపోతోందని, ఒక్కో బొమ్మకు తలో అర్థం తీసి గొడవలు పడుతున్నారని చెబుతారు. ఈ వాదనను నేను ఒప్పుకోను. ఇది ఉత్త పొరపాటు అభిప్రాయమే అయితే ఊరుకునేవాణ్ణి. పని గ్రూపుల్లో నిజంగా ఉన్న రోగాన్ని దాచిపెట్టి, నోరులేనివాడి మీద తప్పు మోపుతోంది కాబట్టి దీన్ని ఖండించి తీరాలి.

బొమ్మలతో మాట్లాడడం వృత్తి మర్యాద కాదనేవాళ్లు ముందు ఈ ఊరి రేవు వైపు చూడాలి. 1933లో రేవు తెరిచిన నాటి నుంచి ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన కబుర్లు ఎన్నో రంగుల్లోనూ ఆకారాల్లోనూ నడుస్తున్నాయి. లోపలికి రావడానికి పైలట్ కావాలంటే ఓడ మీద పసుపు, నీలం నిలువు చారల జెండా ఎగురుతుంది. పైలట్ ఎక్కాక సగం తెలుపు, సగం ఎరుపు జెండా వస్తుంది. మండే సరుకో పేలే సరుకో ఎక్కిస్తున్నా దించుతున్నా ఎర్ర జెండా. నీటి అడుగున డైవర్ పనిచేస్తుంటే తెలుపు, నీలం జెండా. అది కనబడితే మిగతా పడవలు నెమ్మదించి దూరంగా పోవాలి. బయట సముద్రంలో లంగరేసుకుని వంతు కోసం ఆగిన ఓడ ముందు భాగాన పగటిపూట నల్లటి బంతి ఒకటి వేలాడుతుంది. ఓడలో ఉన్నది ఫిలిప్పీన్స్ వాడైనా, గ్రీకువాడైనా, మన భీమిలి వాడైనా ఆ బంతికి అర్థం ఒకటే. అక్షరం ముక్క అక్కర్లేదు.

బెర్త్ మీద కూడా అంతే. పైన క్యాబిన్‌లో ఉన్న క్రేన్ ఆపరేటర్‌కు కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ చేయే దిక్కు. చూపుడు వేలు పైకెత్తి చిన్నగా తిప్పితే ఎత్తు. వేలు కిందికి చూపి తిప్పితే దించు. రెండు చేతులూ ముందు కలిపి పట్టుకుంటే అన్నీ ఆపి అలాగే ఉంచు. ఇంజిన్ల హోరులో కేకలు వినబడవు, వినబడినా భాష కలవదు. ఆపరేటర్ తెలుగువాడు, స్లింగ్ కట్టేవాడు ఒడియా, ఓడ అధికారి ఇంకో దేశం వాడు. అక్కడ ఆ చేతి బొమ్మను మించిన వృత్తి భాష లేదు. ట్యాంకర్ వెనక ఉండే డైమండ్ ఆకారపు పలకలో మంట బొమ్మ, గ్యాస్ పైపు పక్కన పుర్రె బొమ్మ ఎందుకు వేశారో గాజువాకలో పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు.

దీనికి అవతలివాళ్ల జవాబు నాకు తెలుసు. అవన్నీ పనికొచ్చే బొమ్మలు, మేం ఆపమంటున్నది అలంకారాన్ని అంటారు. సరే, అలంకారం సంగతే చూద్దాం. 2016 ఫిబ్రవరిలో ఈ ఊళ్లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. యాభై దాకా దేశాలు పాల్గొన్నాయి. అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఓడల వరసల మధ్య నుంచి సాగుతూ వందనం అందుకున్నారు. అలాంటి రోజున ఓడలను ఎలా సింగారిస్తారో చూసినవాళ్లు మరిచిపోరు. ముక్కు నుంచి స్తంభాల శిఖరాల మీదుగా తోక దాకా రంగురంగుల జెండాల దండ. ఆ దండలో ఉండేవి పండగ కోసం కుట్టించిన జెండాలు కావు. పైలట్ కావాలని, డైవర్ ఉన్నాడని, ప్రమాదకరమైన సరుకు ఉందని చెప్పే ఆ సంకేతాల జెండాలే అవి. వాటిని ఏ మాటా ఏర్పడని క్రమంలో, రంగు పక్కన రంగు నప్పేలా గుచ్చుతారు. ఓడ రేవులోనో లంగరు మీదో ఉన్నప్పుడు కడతారు, ప్రయాణంలో సంకేతాలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు దండ ఉండదు. సముద్రం మీద చిన్న పొరపాటుకూ ప్రాణాలతో మూల్యం చెల్లించేవాళ్లు అలంకారాన్ని నిషేధించలేదు. దానికి ఒక చోటు, ఒక వేళ ఇచ్చారు. పని గ్రూపుల గొడవకు పరిష్కారం మన కళ్లముందే డాల్ఫిన్స్ నోస్ కొండ కింద ఉంటే, దాన్ని వదిలేసి నోటీసులు రాస్తున్నారు.

ఉక్కు కర్మాగారం సంగతీ అంతే. బ్లాస్ట్ ఫర్నేస్‌లకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఉన్నాయి, లాగ్ బుక్‌కు అవి చాలు. అయినా వాటికి గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్ల వల్ల ఒక్క టన్ను ఇనుమైనా ఎక్కువ కరగదు. ఆ మంట ముందు ఎనిమిది గంటలు నిలబడేవాడికి అది తనదనిపించడానికి పెట్టిన పేర్లవి. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు వర్క్‌షాపుల్లో, దసరాకు ఆటోనగర్ షెడ్లలో లేత్ మిషన్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ముందు గుమ్మడికాయ కొడతారు. ఆ రోజు మేనేజర్ కూడా వచ్చి హారతి కళ్లకద్దుకుంటాడు. మిషన్‌కు బంతిపూలు వేయడం పని మీద గౌరవమైతే, తోటి కార్మికుడి ఫోన్‌కు బంతిపూల బొమ్మ పంపడం పని మీద అగౌరవం ఎలా అవుతుంది?

నవ్వు ముఖం గుర్తు ఎలా పుట్టిందో కూడా ఈ నోటీసులు రాసేవాళ్లు తెలుసుకోవాలి. 1982 సెప్టెంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు, విద్యార్థులు కంప్యూటర్ల మీద రాతపూర్వకంగా మాట్లాడుకుంటున్నారు. లిఫ్టులో పాదరసం ఉంటే ఏమవుతుందని భౌతికశాస్త్రం లెక్కలాగా మొదలైన ఒక సరదా ముచ్చట, చివరికి లిఫ్టులో నిజంగానే పాదరసం ఒలికిందన్న ప్రమాద హెచ్చరికగా కొందరికి అర్థమైంది. అప్పుడు స్కాట్ ఫాల్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక సలహా ఇచ్చాడు. సరదాగా అన్న మాట పక్కన కోలన్, గీత, బ్రాకెట్ కలిపి పక్కకు తిరిగిన నవ్వు ముఖం పెట్టమన్నాడు. పనిచోట మాట తప్పుగా అర్థం కాకూడదనే, అదీ ప్రమాదం విషయంలో పొరపాటు రాకూడదనే ఆ గుర్తు పుట్టింది. ముఖం కనబడని చోట, గొంతు వినబడని చోట, ఉత్త అక్షరాలకు ఆ లోటు ఉంటుంది. "రేపు కలవండి" అని పై అధికారి రాస్తే రాత్రంతా నిద్ర పట్టనివాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది లేరు! ఆ రెండు మాటల పక్కన ఒక నమస్కారం బొమ్మ ఉంటే ఆ కుటుంబం ప్రశాంతంగా అన్నం తింటుంది.

ఫోన్ నిండిపోతుందన్న వాదన మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 2018 జనవరిలో అమెరికా పత్రిక వాల్‌స్ట్రీట్ జర్నల్ భారతీయుల గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఫోన్లు నిండిపోతున్నాయని రాశాక ఈ మాట అందరి నోటా నానింది. అప్పటి ఫోన్లలో చోటు తక్కువ. బొమ్మలు వాటంతటవే దిగకుండా ఆపే సెట్టింగ్ వాట్సాప్‌లోనే ఉంది. అలాంటి బొమ్మలను ఏరి తుడిచేసే యాప్‌ను గూగుల్ అప్పటికే తెచ్చింది. సెట్టింగ్‌తో పోయే ఇబ్బందికి మనిషిని గ్రూపులోంచి గెంటడం ఏం న్యాయం?

ముఖ్యమైన మెసేజ్ కిందికి పోతోందన్నది మాత్రం తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. యాభై పూల బొమ్మల మధ్య "ఫలానా లైన్ షట్‌డౌన్ వాయిదా పడింది" అన్న ఒక్క వాక్యం ఎవరి కంటా పడకపోవచ్చు. అలా జరిగితే ప్రమాదమే. కానీ ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. అలాంటి వాక్యం వాట్సాప్ గ్రూపులోకి ఎందుకొచ్చింది? షట్‌డౌన్‌కు పర్మిట్ పుస్తకం ఉంది. సంతకాలు ఉన్నాయి. షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్ అప్పగింత ఉంది. పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి చెప్పే టూల్ బాక్స్ టాక్ ఉంది. వాకీటాకీ ఉంది. సైరన్ ఉంది. వీటన్నిటినీ పక్కనపెట్టి, మనిషి ప్రాణానికి సంబంధించిన కబురును చార్జింగ్ ఉందో లేదో తెలియని ఒక ఫోన్‌కు, సిగ్నల్ అందుతుందో లేదో తెలియని షెడ్డులోకి పంపి, అది చూడకపోతే పూల బొమ్మదే తప్పనడం కప్పు కారుతుంటే గోడకు సున్నం వేయడం లాంటిది.

ఈ ఊరికి ఆ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి ఆర్‌ఆర్ వెంకటాపురం గ్రామం మీద కమ్ముకున్నప్పుడు జనం నిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రాత్రి సైరన్ మోగలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ కూడా ఆ సంగతి తేల్చి చెప్పింది. 1997లో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మంటలు, 2012లో ఉక్కు కర్మాగారం ఆక్సిజన్ ప్లాంటులో పేలుడు, 2020 ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోవడం, ఇవన్నీ ఈ ఊరు తన కళ్లతో చూసింది. వీటిలో ఏ ఒక్కదానికీ గ్రూపులో పెట్టిన పువ్వు కారణం కాదు. ప్రమాదం చెప్పాల్సింది మోగే సైరన్, సంతకం ఉన్న పర్మిట్, ముఖాముఖి చెప్పే మాట. అవి సరిగ్గా ఉన్న చోట గులాబీ ఏమీ చెడగొట్టలేదు. అవి లేని చోట గులాబీని తీసేసినా ఏమీ బాగుపడదు.

ఇక బొమ్మకు తలో అర్థం తీస్తారన్న భయం. దీనికి కోర్టు కేసులు చూపిస్తారు. కెనడాలో 2023లో ఒక రైతు అవిసె గింజల ఒప్పందం ఫోటోకు బొటనవేలు బొమ్మ పెడితే, అది అంగీకారమేనని కోర్టు తేల్చి అతన్ని 82 వేల డాలర్ల దాకా కట్టమంది. చూశారా, బొమ్మ ఎంత ప్రమాదమో అంటారు. అదే వేలి బొమ్మ మన దేశంలో ఏం చేసిందో కూడా చెప్పాలి కదా. రైల్వే రక్షక దళంలో ఒక అధికారి హత్య గురించి గ్రూపులో వచ్చిన మెసేజ్‌కు ఒక కానిస్టేబుల్ బొటనవేలు బొమ్మ పెట్టాడు. హత్యను సంబరంగా చేసుకున్నాడని ఆరోపించి అతన్ని ఉద్యోగం నుంచే తీసేశారు. చివరికి 2024లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, ఆ బొమ్మకు 'చూశాను' అనే అర్థమూ ఉందని చెప్పి, అతన్ని తిరిగి తీసుకోవాలన్న తీర్పును నిలబెట్టింది. అంతకుముందు 2018లో అదే హైకోర్టు ముందుకు బీఎస్ఎన్ఎల్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపు కేసు వచ్చింది. ఒక అధికారిణి పెట్టిన వీడియో కింద కొందరు కన్నీళ్ల ముఖాలు పెట్టారని పోలీసు కేసు నడిచింది. అవి ఆ వీడియో మీద వాళ్ల భావాన్ని చెప్పే గుర్తులే తప్ప వేధింపు కాదని కోర్టు ఆ కేసు కొట్టేసింది.

ఈ తీర్పుల్లో న్యాయమూర్తులు చేసిన పని ఒకటే. బొమ్మ పెట్టినవాడు ఏమనుకుని పెట్టాడో ఆ సందర్భంలో పెట్టి చూశారు. కానిస్టేబుల్ విషయంలో పై అధికారులు చేయనిది అదే. ఒక వేలి బొమ్మకు ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చిందంటే సరిదిద్దాల్సింది ఆ శిక్షించే తొందరను. అక్షరాలకు మాత్రం తలో అర్థం రాదా? "మీ ఇష్టం" అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో ప్రతి తెలుగువాడికీ తెలుసు. అలాగని మాటలు మానేయలేదు. అడ్మిన్‌గా రేపు నా మీదికి వస్తుందని భయపడేవాళ్లకు ఒక మాట. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ నేరస్థుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి.

నిషేధం ఎవరి మీద పడుతుందో చూడండి. రాత్రి నడిచే సీ షిఫ్టు దిగిన, బరువులకు స్లింగ్ కట్టే ఒక రిగ్గర్ కూర్మన్నపాలెం జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర ఫోన్ తీస్తాడు. అతనికి ఇంగ్లీషు రాదు. తెలుగు చదువుతాడు గానీ ఫోన్‌లో టైపు చేయడం కష్టం. గ్రూపులో పై నుంచి వచ్చేవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో ఉంటాయి. అతను వేలితో జరుపుకుంటూ జరుపుకుంటూ ఒక బొమ్మ ఎంచుతాడు. మార్గశిర గురువారమైతే బురుజుపేట కనకమహాలక్ష్మి, చందనోత్సవం రోజులైతే సింహాద్రి అప్పన్న. శుక్రవారం పూట అతని జట్టులోని ముస్లిం వెల్డర్ నెలవంక బొమ్మతో జుమ్మా ముబారక్ పెడతాడు. ఒడియా కుర్రాడు రథయాత్రకు జగన్నాథుణ్ణి పెడతాడు. పొద్దున్న ఆరు దాటాక ఆ బొమ్మ వచ్చిందంటే ఆ జట్టులో అందరికీ ఒక సంగతి తెలుస్తుంది. మనవాడు రాత్రంతా ఆ వేడిలో, ఆ గ్యాస్ పైపుల మధ్య పనిచేసి క్షేమంగా బయటికి వచ్చాడు. ఇంతకన్నా ముఖ్యమైన సమాచారం ఆ గ్రూపులో ఇంకేముంటుంది? ఆ బొమ్మను చెత్త అంటున్నవాళ్లు ఆ పొద్దున అతను చేయగలిగిన ఒకే ఒక్క పలకరింపును లాక్కుంటున్నారు.

మన ప్రాంతంలో ఇలాంటి తగువు కొత్త కాదు. నూరేళ్ల కిందట గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి నుంచి, విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఇక్కడి నుంచి, జనం మాట్లాడే తెలుగును బడిలోకి రానివ్వమని పోరాడారు. అప్పుడూ పండితులు మర్యాద పేరే ఎత్తారు. వాడుక భాష గ్రామ్యమన్నారు, విద్యకు తగదన్నారు. ఈ రోజు నేను రాస్తున్న ఈ వ్యాసం ఆ గ్రామ్యంలోనే ఉంది. గులాబీ బొమ్మ సాహిత్యం అని నేను అనను. కానీ కింది మనిషి తనకు చేతనైన పద్ధతిలో నోరు విప్పినప్పుడల్లా పైవాళ్లకు మర్యాద గుర్తుకు రావడం మనం ముందే చూశాం.

అసలు ఆఫీసులకు బొమ్మలంటే పడదనుకోవడం పొరపాటు. రోజూ బొమ్మలు అడిగేది వాళ్లే. ఊడ్చకముందు వీధి ఫోటో, ఊడ్చాక వీధి ఫోటో పెట్టమంటారు. హాజరుకు ముఖం ఫోటో అడుగుతారు. హెల్మెట్ పెట్టుకున్న ఫోటో, మీటింగ్ జరిగిన ఫోటో అడుగుతారు. మన రాష్ట్రంలో ఉపాధ్యాయుల చేత బడి మరుగుదొడ్ల ఫోటోలు తీయించి యాప్‌లోకి ఎక్కించిన కాలం కూడా ఉంది. ఆ పని నుంచి వాళ్లను 2024లో గానీ తప్పించలేదు. మరుగుదొడ్డి ఫోటో వృత్తి ధర్మమైంది. ఆ ఫోటో తీసిన టీచరు సంక్రాంతికి పెట్టిన ముగ్గు బొమ్మ క్రమశిక్షణ లోపమైంది. పై అధికారికి లెక్క చెప్పే బొమ్మకు చోటుంది, పక్కవాడిని పలకరించే బొమ్మకు లేదు. నా కోపమంతా ఇక్కడే.

వృత్తి మర్యాద తప్పేది ఎవరో తేల్చాలంటే అవే గ్రూపుల్లో మిగతా మెసేజ్‌లు చదవాలి. రాత్రి పదకొండున్నరకు "రేపు ఐదున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి" అని ఆర్డరు వస్తుంది. పొద్దున చూసినవాడికి ఆ రోజు హాజరు పోతుంది. ఆదివారం మధ్యాహ్నం లెక్కలు అడుగుతారు. ఒకడు చేసిన పొరపాటును పేరు పెట్టి అరవై మంది ముందు తిడతారు. ఓవర్‌టైమ్ చేయమని మెసేజ్ వస్తుంది. నెలాఖరున డబ్బు అడిగితే అలాంటి ఆర్డరే లేదంటారు. 2018 నుంచి అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా గ్రూపుకు తాళం వేసే వీలు వచ్చింది. అలా తాళం పడిన గ్రూపులో కింద వాల్వు లీకవుతోందని చెప్పడానికి కూడా దారి లేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని వేళలు దాటాక వచ్చే ఫోన్లకూ మెసేజ్‌లకూ ఉద్యోగికి చట్టం రక్షణ ఇచ్చింది. మన లోక్‌సభలో 2018లో ఎంపీ సుప్రియా సూలే అలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పని గరిష్ఠ పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచే నిర్ణయం తీసుకుంది. ఈ పరిస్థితిలో పనిచోట మాటలు మర్యాదగా ఉండాలని బయల్దేరినవాళ్లకు ముందుగా కనబడింది రిగ్గర్ పెట్టిన అప్పన్న బొమ్మ!

నిశ్శబ్దంగా ఉన్న గ్రూపు క్రమశిక్షణ ఉన్న గ్రూపు అనుకునేవాళ్లకు హార్వర్డ్‌లోని ఎమీ ఎడ్మండ్సన్ పరిశోధన గుర్తుచేస్తాను. 1990లలో ఆమె ఆసుపత్రుల్లో నర్సుల జట్లను పరిశీలించారు. మంచి జట్లలో మందుల పొరపాట్లు తక్కువ నమోదవుతాయని అనుకున్నారు. తీరా చూస్తే వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ పొరపాటు జరిగితే చెప్పడానికి ఎవరూ భయపడటం లేదు. భయం ఉన్న జట్లలో తప్పులు జరుగుతూనే ఉన్నాయి, బయటికి రావడం లేదు. రోజూ పొద్దున గులాబీ పెట్టడానికి కూడా అనుమతి లేని మనిషి, ఒక రోజు హఠాత్తుగా "సార్, ఈ స్లింగ్ తెగేలా ఉంది" అని అదే గ్రూపులో రాస్తాడని ఎలా ఆశిస్తారు? పలకరింపులు నడిచే చోటే హెచ్చరికలూ నడుస్తాయి.

బూతు బొమ్మలు, ఆడవాళ్లను కించపరిచే బొమ్మలు, ఇంకో మతాన్ని గుచ్చడానికి పెట్టే బొమ్మలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిని సహించమని నేను అనడం లేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. దాని కింద కమిటీ వేయాల్సిన బాధ్యత యాజమాన్యానిది. ఆ కమిటీ పేరు కూడా సిబ్బందికి తెలియని చోట, అందరి బొమ్మలూ ఆపేశాం కాబట్టి మా పని అయిపోయిందనుకుంటే బాధితురాలికి ఒరిగేదేమీ లేదు. వేధించేవాడికి గ్రూపు మూసేస్తే ఆమె సొంత నంబరు ఉంటుంది. నేరాన్ని నేరంగా పట్టుకోవాలి. దీపం బొమ్మను, బూతు బొమ్మను ఒకే నోటీసులో కలిపేస్తే తేలికపడేది నేరమే.

కాబట్టి చేయాల్సింది రేవులో ఓడలవాళ్లు చేసేదే. సంకేతానికి ఒక చోటు, సింగారానికి ఒక చోటు. పని సమాచారానికి వేరే గ్రూపు పెట్టండి. అందులో పూలూ వద్దు, "ఓకే సార్"లూ "థాంక్యూ సార్"లూ వద్దు, అడ్మిన్ గారి పుట్టినరోజు ఫోటో కూడా వద్దు. అందులోకి వచ్చే మెసేజ్ తెలుగులో ఉండాలి. జట్టులో ఒడియా, హిందీ వాళ్లుంటే వాళ్ల భాషలో గొంతు మెసేజ్ కూడా ఉండాలి. షిఫ్టు దాటాక ఆర్డర్లు రాకూడదు. ప్రాణానికి సంబంధించినది ఏదైనా అందులో మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. చూశామని చెప్పడానికి బొటనవేలు చాలు, దాన్ని తప్పుపట్టకూడదు. మిగతా గ్రూపు మనుషులది. అక్కడ అప్పన్న ఉంటాడు, నెలవంక ఉంటుంది, జగన్నాథుడు ఉంటాడు, మనవరాలి అన్నప్రాసన ఉంటుంది, రిటైరైనవారికి పూలదండ ఉంటుంది. ఏది ఎక్కువైందో ఎక్కడ ఆపాలో ఆ మనుషులే మాట్లాడుకుంటారు. సమ్మెకు పిలుపు బొమ్మ పెట్టినా అక్కడే పెడతారు, అది కూడా వాళ్ల హక్కే. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అన్న నినాదం 1966లో గోడలెక్కినప్పుడూ ఎవరి అనుమతీ తీసుకోలేదు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చాకే ఇక్కడ కర్మాగారం వచ్చింది.

అడ్మిన్లుగా ఉన్నవారికి నా విన్నపం. మీ గ్రూపులో గత నెల మెసేజ్‌లు ఒకసారి మొదటి నుంచి చదవండి. అందులో మనిషిని బాధపెట్టినవి, నిద్ర చెడగొట్టినవి, అబద్ధమైనవి ఏవో గుర్తించండి. అవి పూల బొమ్మలేనని తేలితే మీ నోటీసు అలాగే ఉంచండి. కాకపోతే ఆ నోటీసు తీసేసి, గుడ్ మార్నింగ్ పెట్టినందుకు బయటికి పంపిన వాళ్లను ఈ రోజే తిరిగి చేర్చండి.